నలుగురితో పంచుకునే వీలున్న ఫీడ్ రీడర్ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లాగులనూ వార్తా సైట్లనూ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. చదవడానికి దానికి దీటైన రీడర్లు అప్పటినుంచి చాలా వచ్చాయి. అయినా అలవాటున్నవాళ్లు ఇప్పటికీ ఒక మాట అడుగుతూనే ఉంటారు: "నేను చదివినదాన్ని ఒక మాట జోడించి నా వాళ్ల ముందు పెట్టేవాణ్ణి, వాళ్లు చదివినవి నాకు కనిపించేవి. అది ఎక్కడ దొరుకుతుంది?" ఆ ప్రశ్నకూ, దాని చుట్టూ వచ్చే ప్రశ్నలకూ ఇక్కడ జవాబులున్నాయి. ఫీడ్లకు కొత్తవాళ్లు మొదటినుంచి చదవండి. పాతవాళ్లు మూడో ప్రశ్న నుంచి మొదలుపెట్టవచ్చు.

ఫీడ్ అంటే ఏమిటి? రీడర్ ఏం చేస్తుంది?

దాదాపు ప్రతి బ్లాగూ, చాలా పత్రికల సైట్లూ తమ తాజా టపాల (పోస్టుల) జాబితాను ఒక చిన్న ఫైలులో ఉంచుతాయి. శీర్షిక, తేదీ, లంకె, కొన్నిసార్లు మొత్తం వ్యాసం అందులో ఉంటాయి. అదే ఫీడ్. రీడర్ మీరు చేర్చుకున్న ఫీడ్లన్నిటినీ మధ్యమధ్య వెళ్లి చూసి, కొత్తగా వచ్చినవాటిని ఒకచోట పేర్చి చూపిస్తుంది. ఫీడ్లు రాసే పద్ధతుల్లో ఒకటైన ఆరెస్సెస్ (RSS) మొదటి రూపం 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో తయారైంది. దాన్ని రూపొందించినవారిలో భారతదేశంలో పుట్టిన రామనాథన్ గుహ ఒకరు. ఆటమ్ అనే మరో పద్ధతి 2005లో ప్రమాణంగా స్థిరపడింది. మీ రీడర్‌కు రెండూ అర్థమవుతాయి కాబట్టి ఆ తేడా గురించి మీరు ఆలోచించనక్కరలేదు.

ఆరు నెలలకోసారి ఒక్క టపా రాసే బ్లాగరు ఉంటారు చూడండి, రీడర్ విలువ అక్కడ తెలుస్తుంది. ఆ సైటును రోజూ తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఫేస్‌బుక్‌లో ఆ టపా మీకు కనిపించాలా వద్దా అన్నది మీ చేతిలో లేదు. రీడర్‌లో మాత్రం అది వచ్చిన రోజున మీ ముందుంటుంది, మీరు చదివేదాకా అక్కడే ఉంటుంది.

పంచుకోవడానికి వాట్సాప్ ఉందిగా? ప్రత్యేకంగా రీడర్‌లోనే ఎందుకు?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, సబబైన ప్రశ్నే.

వాట్సాప్ గుంపులో లంకె పెడితే అది అందరి ఫోన్లలో మోగుతుంది. అవతలివాళ్లు పనిలో ఉన్నా, నిద్రలో ఉన్నా మోగుతుంది. కాబట్టి పెట్టేవాడికి మొహమాటం ఉంటుంది: ఇది అందరికీ పనికొస్తుందా, నిన్ననే రెండు పెట్టాను కదా, విసుక్కుంటారేమో. ఆ మొహమాటంతో మంచివి ఆగిపోతాయి, సంచలనాలు మాత్రం దాటిపోతాయి. మరునాటికి లంకె వంద శుభోదయాల కింద పడిపోతుంది.

రీడర్‌లో పంచుకోవడం ఎవరి తలుపూ తట్టదు. మీరు చదువుతున్న వ్యాసం కింద ఒక మీట నొక్కుతారు, కావాలంటే రెండు వాక్యాలు రాస్తారు. మిమ్మల్ని అనుసరించే స్నేహితుడు తనకు తీరిక దొరికి రీడర్ తెరిచినప్పుడు, తన సొంత ఫీడ్ల పక్కనే మీరు పంచినవి వరసగా ఉంటాయి. పత్రికలోంచి ఒక ముక్క కత్తిరించి, అంచున పెన్సిలుతో రెండు మాటలు రాసి స్నేహితుడి బల్ల మీద ఉంచి వచ్చినట్టు. అతను చూడకపోయినా ఎవరికీ చిన్నతనం లేదు.

ఇంకొకటి ఉంది. వ్యాసం అక్కడే, మొత్తంగా, మీ మాటకు ఆనుకుని ఉంటుంది. లంకె చూసి శీర్షిక మీద వాదించుకునే అలవాటు అక్కడ తక్కువ. నాకు ఈ పద్ధతి మీద ఇంత మమకారం ఉండటానికి అదే ముఖ్యమైన కారణం.

గూగుల్ రీడర్‌లో సరిగ్గా ఏముండేది? ఎందుకు పోయింది?

గూగుల్ రీడర్ 2005 అక్టోబరులో మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా పంచుకునే ఏర్పాట్లు చేరాయి: నచ్చిన టపాలతో మీ పేరు మీద ఒక పేజీ, స్నేహితులు పంచినవి మీ రీడర్‌లోనే కనిపించడం, పంచేటప్పుడు సొంత మాట రాయడం, ఆ మాట కింద స్నేహితుల వ్యాఖ్యలు. మీరు చందాదారు కాని ఏ సైటులోని పేజీనైనా బ్రౌజరులోని ఒక మీటతో తెచ్చి అదే వరసలో పెట్టే వీలూ ఉండేది. మీరు పంచినవన్నీ కలిసి మళ్లీ ఒక ఫీడ్‌గా బయటికి వచ్చేవి. రీడర్ వాడనివాళ్లు కూడా దాన్ని చేర్చుకోవచ్చు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

2011 అక్టోబరు చివర గూగుల్ ఈ ఏర్పాట్లన్నిటినీ తీసేసి, వాటి స్థానంలో తన సామాజిక వేదిక గూగుల్ ప్లస్‌కు పంపే మీట ఒక్కటి పెట్టింది. వాషింగ్టన్‌లోని గూగుల్ కార్యాలయం ముందు కొద్దిమంది నిలబడి నిరసన కూడా తెలిపారు. ఇరాన్‌లో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. అక్కడ ప్రభుత్వం అడ్డుకున్న సైట్లలోని రాతలు రీడర్ ద్వారా గూగుల్ చిరునామా మీదుగానే వచ్చేవి. రీడర్ ఒక్కదాన్నే ఆపడం కష్టం, గూగుల్ మొత్తాన్ని ఆపాలి. అందుకని ఇరానీయులు దాన్ని వార్తలకూ చర్చకూ విరివిగా వాడుకున్నారు, ముద్దుగా "గూదర్" అని పిలుచుకున్నారు. ఒక మీట తీసేస్తే ఎంత పోతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

మిగిలిన రీడర్‌ను మూసేస్తున్నట్టు 2013 మార్చి 13న ప్రకటించారు. వాడకం తగ్గిందని కారణం చెప్పారు. తగ్గేలా చేసింది 2011 నాటి నిర్ణయమే అని చాలామంది పాత వాడుకరుల నమ్మకం, నాదీ అదే.

తెలుగు బ్లాగులకు కూడలి, జల్లెడ ఉండేవి. అవి ఇలాంటివి కావా?

కావు, కానీ దగ్గరి చుట్టాలు. తెలుగు టైపుచేసే సాధనం లేఖినిని తయారుచేసిన వీవెన్ గారి కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటివి సంకలినులు. తెలుగు బ్లాగులన్నిటి ఫీడ్లను చేర్చి తాజా టపాలను, వ్యాఖ్యలను వరసగా చూపించేవి. అందరికీ కనిపించేది ఒకే జాబితా. కొత్త బ్లాగరుకు మొదటి పాఠకులు దొరికింది వాటి వల్లే, ఆ మేలు చిన్నది కాదు.

పంచుకునే రీడర్‌లో జాబితా మనిషి మనిషికీ మారుతుంది. కథలు ఏరి పెట్టే స్నేహితురాలు ఒకరు, ఆర్థిక వ్యాసాలు ఏరేవారు ఒకరు, పాత శాసనాల గురించి ఎక్కడ ఏం వచ్చినా వదలనివారు ఒకరు. సంకలినిలో వచ్చినదంతా కనిపిస్తుంది. ఇక్కడ ఒక మనిషి అభిరుచిని దాటి వచ్చినది కనిపిస్తుంది. రెండూ కావాలి. తెలుగులో మొదటిది బాగా సాగింది, రెండోదానికి తగినంత అలవాటు పడకముందే అది పోయింది.

ఇప్పుడున్నవాటిలో పంచుకునే ఏర్పాటు నిజంగా ఉన్నవి ఏవి?

నా మాటగా రెండు పేర్లు చెబుతాను: న్యూస్‌బ్లర్, ది ఓల్డ్ రీడర్.

న్యూస్‌బ్లర్‌ను శామ్యూల్ క్లే 2009లో మొదలుపెట్టారు. ఇందులో ప్రతి వాడుకరికీ "బ్లర్‌బ్లాగ్" అనే సొంత పేజీ ఉంటుంది. టపా చదువుతూ పంచే మీట నొక్కి మీ మాట రాస్తే అది ఆ పేజీకి చేరుతుంది. మిమ్మల్ని అనుసరించేవాళ్లకు వాళ్ల రీడర్‌లో కనిపిస్తుంది, వాళ్లు కింద జవాబు రాయవచ్చు. ఇద్దరు స్నేహితులు ఒకే టపాను పంచితే ఇద్దరి మాటలూ ఆ టపా కిందే కనిపిస్తాయి. బ్లర్‌బ్లాగ్‌కు సొంత ఫీడ్ ఉంది కాబట్టి న్యూస్‌బ్లర్‌లో ఖాతా లేనివాళ్లు కూడా మీరు పంచినవి తమ రీడర్‌లో చదవగలరు. నేను దీనికి మొదటి స్థానం ఇవ్వడానికి కారణం ఇదే. ఇంకో సౌకర్యం, రచయిత పేరును, శీర్షికలోని మాటను, ట్యాగును మీకు ఇష్టమనో అక్కర్లేదనో నేర్పవచ్చు. ఇష్టమైనవి ఆకుపచ్చగా, వద్దన్నవి ఎర్రగా గుర్తు పడతాయి. రోజుకు వంద వార్తలు పోసే సైటు నుంచి మీకు కావలసిన నాలుగు తీసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. తెర కొంచెం కిక్కిరిసినట్టుంటుంది, కొత్తవాళ్లు మొదటి వారం తికమకపడతారు.

ది ఓల్డ్ రీడర్ కథ వేరు. గూగుల్ 2011లో పంచుకునే మీటలు తీసేశాక, ఆ పాత రూపమే కావాలనుకున్న రష్యన్ డెవలపర్లు కొందరు తమకోసం, తమ స్నేహితుల కోసం కట్టుకున్నది. పేరులోనే సంగతి ఉంది. 2013లో జనం ఒక్కసారిగా వచ్చి పడటంతో బరువు మోయలేక, ఆ జులై చివర అందరికీ తెరిచిన సేవను ఆపేస్తామన్నారు. తర్వాత మరో బృందం చేయి వేసి నిలబెట్టింది. అనుసరించడం, పంచడం, ఇష్టపడటం, వ్యాఖ్యానించడం, బయటి పేజీని మీటతో తెచ్చి పెట్టడం, అన్నీ పాత గూగుల్ రీడర్ తీరులోనే ఉంటాయి. కంప్యూటర్ మీద చదివేవాళ్లకు, హంగులు అక్కర్లేనివాళ్లకు ఇదే సులువు.

ఫీడ్లీ, ఇనోరీడర్ గురించి అందరూ చెబుతారు. అవి ఎందుకు చెప్పలేదు?

రెండూ మంచి రీడర్లు. గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఎక్కువమందికి ఆశ్రయం ఇచ్చింది ఫీడ్లీయే. కానీ అందులో కలిసి చదివే ఏర్పాట్లు సంస్థల్లోని బృందాల కోసం, డబ్బు కట్టే ఖాతాల కోసం ఉన్నవి. స్నేహితుల గుంపుకు అవి సరిపడవు. బల్గేరియాలో తయారయ్యే ఇనోరీడర్‌లో వెతకడం, నియమాలు పెట్టుకోవడం చాలా బాగుంటాయి. మీరు ట్యాగు పెట్టిన టపాలను ఒక ఫీడ్‌గా బయటికి పంపే వీలూ ఉంది. అది ఏ స్థాయి ఖాతాలో ఇస్తున్నారో చేరే ముందు చూసుకోండి.

ఫీడ్‌బిన్ డబ్బు కట్టి వాడేది, పొందికైనది. నక్షత్రం పెట్టినవాటిని ఫీడ్‌గా బయటపెట్టవచ్చు, పంచుకోవడానికి అంతవరకే. ఆపిల్ పరికరాల్లో నెట్‌న్యూస్‌వైర్ ఉచితం, వేగం, కాని అది ఒంటరిగా చదువుకునేవాళ్ల సాధనం.

మా స్నేహితులెవరూ కొత్త సేవలో చేరరు. అప్పుడు?

అందరూ తగిలే అసలు గోడ ఇదే. రీడర్ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. నలుగురూ ఒకే సేవలో చేరాలి అన్న షరతు పెట్టుకుంటే, ఒకరికి ఖాతా తెరిచే తీరిక ఉండదు, ఇంకొకరు అప్పటికే వేరే రీడర్‌కు డబ్బు కట్టి ఉంటారు, వారం తిరిగేసరికి ఊపు చల్లారుతుంది.

కాబట్టి షరతు మార్చుకోండి. చదివే చోటు ఎవరిది వారిది. పంచే జాబితా మాత్రం ఫీడ్‌గా బయటికి రావాలి. మీది న్యూస్‌బ్లర్, మీ అక్కది ఇనోరీడర్, మీ స్నేహితుడిది సొంత సర్వరు మీది ఫ్రెష్ఆరెస్సెస్ అనుకోండి. ముగ్గురూ తమ తమ ఎంపికల ఫీడ్ చిరునామాలు ఇచ్చిపుచ్చుకుంటే చాలు. ముగ్గురి రీడర్లలోనూ "మా వాళ్లు" అని ఒక ఫోల్డరు తెరుచుకుంటుంది. గూగుల్ రీడర్‌లో ఎడమవైపు కనిపించిన స్నేహితుల జాబితా మళ్లీ ఏర్పడినట్టే. ఒకరి సేవ మూతపడితే వాళ్లు కొత్త చిరునామా పంపుతారు, మిగిలిన ఇద్దరికీ ఏమీ కాదు.

రీడర్‌లో అలాంటి వీలు లేకపోతే బయట ఎక్కడైనా పెట్టవచ్చు. పిన్‌బోర్డ్, రెయిన్‌డ్రాప్ వంటి బుక్‌మార్కు సేవల్లో మీ బహిరంగ జాబితాలకు ఫీడ్లు ఉంటాయి, పక్కన మీ మాట రాసుకోవచ్చు. మాస్టడాన్ అనే సామాజిక వేదికలో ఖాతా ఉంటే మీ పేజీ చిరునామా చివర చుక్క పెట్టి ఆరెస్సెస్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు చేర్చండి, అదే ఫీడ్. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది లంకెల కోసమే ఒక చిన్న బ్లాగు: రోజుకో లంకె, ఎందుకు చదవాలో మూడు వాక్యాలు. గూగుల్ వారి బ్లాగరు సేవలోనో వర్డ్‌ప్రెస్‌లోనో పది నిమిషాల్లో తెరవవచ్చు, ఖర్చు లేదు, వ్యాఖ్యలు రాసే చోటూ అందులోనే ఉంటుంది.

వ్యాఖ్యలు రీడర్ లోపలే ఉండాలి అంటే మాత్రం ఈ పద్ధతి చాలదు. అప్పుడు అందరూ ఒకే గూటికి చేరక తప్పదు.

సొంత సర్వరు మీద పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఫ్రెష్ఆరెస్సెస్ మామూలు హోస్టింగు మీద కూడా నడుస్తుంది. ఒకే స్థాపనలో పలువురికి ఖాతాలు ఇవ్వవచ్చు కాబట్టి ఇంట్లోనో మిత్రబృందంలోనో సాంకేతికం తెలిసినవారు ఒకరుంటే అందరికీ సరిపోతుంది. మీరు భద్రపరచుకున్న వెతుకులాటను, ఉదాహరణకు ఇష్టం గుర్తు పెట్టినవాటిని, ఫీడ్‌గానో పేజీగానో పంచే వీలు ఇందులో ఉంది. మినీఫ్లక్స్ ఇంకా తేలిక, మరీ నిరాడంబరం. రెండింటిలోనూ స్నేహితుల మధ్య సంభాషణ ఉండదు.

నవీకరణలు, బ్యాకప్పులు చూసే ఓపిక లేకపోతే దీని జోలికి వెళ్లవద్దు. పాస్‌వర్డు ఎవరికీ తెలియని సర్వరు మూతపడిన సేవ కన్నా నయమేమీ కాదు.

ఉచితంగా సరిపెట్టుకోలేమా?

కొంతవరకు. చాలా సేవల్లో ఉచిత ఖాతాకు ఫీడ్ల సంఖ్య మీద పరిమితి ఉంటుంది, అది మారుతూ ఉంటుంది. ఎప్పుడూ తెరవని ఫీడ్లు తీసేస్తే చాలామందికి ఉచిత ఖాతాయే సరిపోతుంది. నా అభిప్రాయం మాత్రం, నచ్చిన చిన్న సేవకు డబ్బు కట్టండి. ఉచితంగా నడిచిన పెద్ద పేర్లు ఏమయ్యాయో చూశాం. గూగుల్ రీడర్ ఖాళీ చేసిన చోటుకు 2013 జూన్‌లో వచ్చిన డిగ్ రీడర్ 2018 మార్చి 26న వెళ్లిపోయింది. తర్వాత చదువుదామని దాచుకునే పాకెట్ కూడా 2025 జులైలో ఆగిపోయింది. చందా కడితే సేవ శాశ్వతం అవుతుందని కాదు. నడిపేవాళ్లకు మీరు ముఖ్యులవుతారు.

నా ఫీడ్ల జాబితాను ఒక రీడర్ నుంచి ఇంకోదానికి ఎలా మార్చాలి?

ఓపీఎంఎల్ (OPML) అనే జాబితా ఫైలు ద్వారా. ప్రతి మంచి రీడర్‌లోనూ సెట్టింగుల్లో ఎగుమతి, దిగుమతి అని ఉంటాయి. పాతదానిలో ఎగుమతి చేసి, వచ్చిన ఫైలును కొత్తదానిలో దిగుమతి చేస్తే ఫోల్డర్లతో సహా జాబితా వచ్చేస్తుంది.

ఆ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమని అడుగుతున్నాను. భయపడాల్సినదేమీ లేదు, ఒక్కో ఫీడ్‌కు ఒక్కో వరస. మొదట మీరు పెట్టిన పేరు, ఈమాట అనో పుస్తకం డాట్ నెట్ అనో తెలుగులోనే. తర్వాత ఫీడ్ చిరునామా, ఆ పక్కన సైటు చిరునామా. ఫోల్డరు పేరు పై వరసలో ఉంటుంది, దాని ఫీడ్లు కింద కొంచెం లోపలికి జరిగి ఉంటాయి. పేరు తప్పుగా ఉంటే అక్కడే దిద్దవచ్చు. చచ్చిపోయిన బ్లాగు వరసను తుడిచేయవచ్చు. "కథలు" ఫోల్డరును మాత్రం కత్తిరించి ఒక స్నేహితురాలికి పంపవచ్చు. కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్లకు ఇది ఎంత మంచి కానుకో, ఇచ్చి చూస్తే తెలుస్తుంది.

ఓపీఎంఎల్‌లో మీ చందాల జాబితా మాత్రమే ఉంటుంది. నక్షత్రాలు, పంచినవి, వ్యాఖ్యలు, ఏది చదివారో ఏది చదవలేదో ఉండవు. అవి విడిగా తీసుకోవాలి, తీసుకునే వీలుందో లేదో చేరకముందే చూసుకోవాలి.

గూగుల్ రీడర్‌లో నేను పంచినవి తిరిగి దొరుకుతాయా?

మూతపడే ముందు గూగుల్ టేకౌట్ (మన సమాచారాన్ని దించుకునే సేవ) ద్వారా దించుకుని ఉంటే దొరుకుతాయి. 2013 జులై 15 వరకు ఆ అవకాశం ఇచ్చారు. ఆ కట్టలో చందాల ఫైలుతో పాటు పంచినవి, నక్షత్రం పెట్టినవి, ఇష్టపడినవి వేర్వేరు జేసన్ ఫైళ్లుగా ఉండేవి. పాత హార్డు డిస్కుల్లో, పాత ఈమెయిళ్లలో వెతకండి. ఫైలు దొరికితే శీర్షికలు, లంకెలు, మీరు రాసిన మాటలు ఏ టెక్స్టు ఎడిటరులోనైనా చదవవచ్చు. లంకె చచ్చిపోయి ఉంటే ఆ చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేసి చూడండి. మూతపడిన తెలుగు బ్లాగులు కొన్ని అక్కడ ఇంకా చదవగలిగేలా ఉన్నాయి.

దించుకోనివాళ్లకు దారి లేదు.

సైటులో ఫీడ్ గుర్తు ఎక్కడా కనిపించడం లేదు. ఎలా చేర్చాలి?

ముందు సైటు చిరునామానే రీడర్‌లో వేయండి, చాలాసార్లు అదే వెతికి పట్టుకుంటుంది. దొరక్కపోతే, వర్డ్‌ప్రెస్ సైటు అయితే చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి ఫీడ్ అని ఇంగ్లీషులో చేర్చండి (/feed). సబ్‌స్టాక్‌కూ అంతే. బ్లాగరు అయితే గీత, ఫీడ్స్, గీత, పోస్ట్స్, గీత, డీఫాల్ట్ (/feeds/posts/default). పోస్ట్స్ బదులు కామెంట్స్ అని పెడితే ఆ బ్లాగు వ్యాఖ్యల ఫీడ్ వస్తుంది, మంచి చర్చ జరిగే బ్లాగుకు ఇది తప్పక చేర్చుకోండి. యూట్యూబ్ ఛానెల్ చిరునామాను కూడా చాలా రీడర్లు నేరుగా తీసుకుంటాయి. తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పుల పేజీకీ ఫీడ్ ఉంది.

కొన్ని బ్లాగులు ఫీడ్‌లో మొదటి పేరా మాత్రమే ఇస్తాయి. బ్లాగరులో అది ఒక సెట్టింగు. చాలామందికి అది అలా ఉందని కూడా తెలియదు. మర్యాదగా ఒక ఉత్తరం రాసి అడగండి, మార్చేవాళ్లు ఎక్కువమందే ఉంటారు.

తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తాయా?

యూనికోడ్‌లో రాసినవన్నీ కనిపిస్తాయి. ఇబ్బంది వచ్చేది వరసల మధ్య ఎడంతో. ఇంగ్లీషు అక్షరాల కొలతకు పెట్టిన ఎడంలో మన వత్తులు కింది వరసకు తగులుతాయి, శీర్షికల్లో అయితే సగానికి తెగిపోతాయి. "రాష్ట్రం" అన్న మాట శీర్షికలో ఎలా ఉందో చూస్తే ఆ రీడర్ తెలుగుకు పనికొస్తుందో లేదో ఒక్క క్షణంలో తేలుతుంది. వరసల ఎడం, అక్షరాల పరిమాణం మార్చుకునే వీలున్నదాన్నే తీసుకోండి.

వెతకడంలో కూడా ఒక చిక్కుంది. చాలా రీడర్లకు తెలుగు విభక్తులు తెలియవు. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాల", "పుస్తకానికి" రావు. "పుస్తక" అని సగం మాటతో వెతకనిస్తుందో లేదో ఉచిత ఖాతాలో ఉండగానే పరీక్షించండి.

నేను పంచినవి ఎవరు చూస్తారు?

చేరిన రోజునే సెట్టింగుల్లో చూడవలసినది ఇదే. 2007 డిసెంబరులో గూగుల్ రీడర్, వాడుకరులు పంచినవాటిని వాళ్ల జీటాక్ (గూగుల్ చాట్ సేవ) పరిచయాలందరికీ చూపించడం మొదలుపెట్టింది. కొద్దిమందికే తెలిసిన చిరునామా అనుకుని పంచుకున్నవి పై అధికారికీ బంధువుకూ కూడా కనిపించే పరిస్థితి వచ్చింది, గొడవ జరిగింది. న్యూస్‌బ్లర్‌లో బ్లర్‌బ్లాగ్‌ను అందరికీ తెరిచి ఉంచవచ్చు, లేదా మీరు ఒప్పుకున్నవాళ్లకే పరిమితం చేయవచ్చు. ఆ రెండో వీలు ఏ ఖాతాకు ఉందో చూసుకోండి. ఫీడ్‌గా బయటపెట్టినది మాత్రం, చిరునామా ఎంత పొడుగ్గా ఉన్నా, బహిరంగమే అనుకుని వాడండి. ఆరోగ్యం గురించో ఉద్యోగం మారడం గురించో చదివినవి పంచేముందు ఇది గుర్తుండాలి.

వ్యాసం మొత్తం నా జాబితాలో కనిపిస్తే, రాసినవాళ్లకు అన్యాయం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగవలసినవాళ్లు ఎక్కువ. రీడర్ లోపల చదివితే రచయితకు మీరు వచ్చినట్టు తెలియదు. అక్కడే వ్యాఖ్యలు రాసుకుంటే ఆయన వెనుక ఆయన రాత గురించి మాట్లాడుకున్నట్టే. తెలుగులో జీతం లేకుండా, పేరు కూడా పెద్దగా రాకుండా రాసే బ్లాగరుకు అందే ప్రతిఫలం వ్యాఖ్య ఒక్కటే. అందుకని మా బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎంపిక గురించిన మాట రీడర్‌లో, రచన గురించిన మాట ఆ బ్లాగులోనే. "మీ టపా మా వాళ్లతో పంచుకున్నాను, వర్ణన బాగుంది, చివరి పేరాలో నాకొక సందేహం" అని అక్కడ రెండు వాక్యాలు రాస్తే ఆ మనిషి ఇంకో టపా రాస్తారు.

సొంత బ్లాగులో లంకెలు పెట్టేవాళ్లు వ్యాసాన్ని మొత్తం ఎత్తి పెట్టవద్దు. రెండు మూడు వాక్యాలు, రచయిత పేరు, లంకె చాలు.

ఎంతమంది ఉంటే ఇది నడుస్తుంది?

ముగ్గురు నలుగురు శ్రద్ధగా పంచేవాళ్లుంటే చాలు. యాభైమందిని అనుసరిస్తే మళ్లీ ఫేస్‌బుక్ గోడలా తయారవుతుంది. రోజుకు ముప్పై పంచేవారిని మొహమాటం లేకుండా తీసేయండి, ఇక్కడ ఎవరినైనా అనుసరించడం మానితే అది వాళ్లకు అవమానం కాదు. వేర్వేరు రంగాలవాళ్లను ఎంచుకోండి. వ్యవసాయం గురించి చదివేవారు ఒకరు, చట్టాలు చదివేవారు ఒకరు, బే ఏరియాలోనో లండన్‌లోనో ఉంటూ అక్కడి పత్రికలు చూసేవారు ఒకరు. మీ ఫీడ్లలోకి ఎన్నటికీ రానివి వాళ్ల ద్వారా వస్తాయి.

సరే, ఇవాళ ఏం చేయమంటారు?

పాత రీడర్ ఉంటే ఓపీఎంఎల్ దించుకోండి. కలిసి చేరే ఇద్దరు దొరికితే న్యూస్‌బ్లర్, గూగుల్ రీడర్ రూపమే కావాలంటే ది ఓల్డ్ రీడర్. ఎవరూ దొరక్కపోతే ఇప్పుడున్న రీడర్‌లోనే ఉండి, లంకెల బ్లాగు ఒకటి తెరిచి దాని ఫీడ్ చిరునామా ముగ్గురికి పంపండి.

ఇదీ మూతపడితే?

నెలకోసారి ఓపీఎంఎల్‌ను, మీరు పంచినవాటి ఎగుమతి ఉంటే దాన్నీ దించి ఈమెయిలుకు పంపుకోండి. పంచేటప్పుడు రాసిన మాట మీకు విలువైనదనిపిస్తే అదే రోజు సొంత ఫైలులోనో బ్లాగులోనో ఒక ప్రతి పెట్టుకోండి. మీ బృందంలో ప్రతి ఒక్కరి ఈమెయిలు చిరునామా మీ దగ్గర విడిగా రాసి ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. 2011లో మీటలు పోయినప్పుడు చాలామంది స్నేహితులు ఒకరికొకరు దొరక్కుండా పోయారు, రీడర్ బయట వాళ్లకు వేరే పరిచయం లేదు.